కంచెకు దండ వేసేదెవరు?

మన తెలుగులో కంచె అనగానే అందరి నోటా వచ్చే సామెత ఒక్కటే. ‘కంచే చేను మేస్తే’ అన్నది. కాపాడాల్సినవాడే కాజేస్తే ఠక్కున ఆ మాట అనేస్తాం. బాగానే ఉంది. మరి మేయని కంచె సంగతేమిటి? ఏడాది పొడుగునా ఎండకు ఎండి, వానకు తడిసి, గేదెల్నీ మేకల్నీ ఆపిన ముళ్లకంప గురించి ఒక్క సామెత చెప్పండి చూద్దాం. చటుక్కున గుర్తు రాదు. చేను బాగా పండితే నేల మంచిదంటాం, విత్తనం మంచిదంటాం, రైతు చేతి చలవంటాం. కంచె మంచిదని మాత్రం ఎవరూ అనరు. తప్పు చేసిన కంచెకు సామెత దక్కింది. పని చేసిన కంచెకు ఏమీ దక్కలేదు.

ఫుట్‌బాల్ మైదానంలో ఈ కంచె పేరు డిఫెండర్. జట్టుకు పదకొండు మంది. ముందుండేవాళ్లు గోల్ కొట్టడానికి, వెనకుండేవాళ్లు గోల్ పడకుండా చూడటానికి. ముందున్నవాడు తొమ్మిదిసార్లు బంతిని ఆకాశంలోకి తన్నినా ఫర్వాలేదు. పదోసారి వలలో వేస్తే చాలు, భుజాల మీద ఊరేగిస్తారు. వెనకున్నవాడు తొమ్మిదిసార్లు అడ్డుకుని పదోసారి కాలు జారాడనుకోండి, ఆ రాత్రి టీకొట్టు దగ్గర అతని ఏడుతరాల చరిత్రా బయటికొస్తుంది. ఆట ఒక్కటే, చెమటా ఒక్కటే. తూకం రాళ్లు మాత్రం వేరు.

ఇవాళ అలాంటి ఒక మనిషి గురించి చెప్పుకుందాం. హైదరాబాదులో పుట్టి, కలకత్తా వెళ్లి, దేశానికి కెప్టెనై, ఆసియా క్రీడల్లో కాంస్య పతకం తెచ్చిన డిఫెండర్. పేరు సయ్యద్ నయీముద్దీన్. ‘ఎవరాయన?’ అనిపించిందా? అనిపిస్తే అది మీ ఒక్కరి తప్పు కాదు. కంచె కదా మరి.

నెల్లూరుకూ కావలికీ మధ్య ఉన్న మా బిట్రగుంటలో ఈ మాట అర్థం చేసుకోవడం పెద్ద కష్టం కాదు. ఇది రైలు పెంచిన ఊరు. ఆవిరి ఇంజన్ల కాలంలో ఇక్కడి లోకో షెడ్డుకు గొప్ప పేరు. మద్రాసు - బెజవాడ దారిలో తిరిగే ఇంజన్లకు ఇక్కడే మేత, ఇక్కడే నీళ్లు, ఇక్కడే వైద్యం. కరెంటు ఇంజన్లు వచ్చాక ఆ వైభవం పోయింది. పట్టాలు మాత్రం పోలేదు. పట్టాలను కాచే మనుషులూ పోలేదు.

కీమ్యాన్ అని ఒక ఉద్యోగి ఉంటాడు. సుత్తి, స్పానరు, ఎర్రజెండా పట్టుకుని రోజూ తన వంతు పట్టాల వెంట నడుస్తాడు. వదులైన చోట బిగిస్తాడు, పగులు కనిపిస్తే జెండా ఎత్తుతాడు. అతను పని సరిగ్గా చేసిన రోజున ఏం జరుగుతుంది? ఏమీ జరగదు. రైలు వచ్చి వెళ్లిపోతుంది. బెర్తు మీద పడుకున్న పెద్దమనిషి అటు నుంచి ఇటు ఒత్తిగిల్లుతాడు, అంతే. ‘నిన్న రాత్రి బిట్రగుంట మీదుగా వెళ్లిన రైళ్లన్నీ క్షేమంగా వెళ్లాయి’ అని ఏ పేపర్లోనైనా హెడ్డింగు చూశారా? కీమ్యాన్ పేరు పేపర్లో పడిందంటే ఏదో ఘోరం జరిగిందన్నమాటే. డిఫెండర్ బతుకూ ఇంతే. ఏమీ జరగకపోవడమే అతని పనితనం.

రైలుకూ ఫుట్‌బాల్‌కూ పోలిక అక్కడితో ఆగలేదు. రెండూ మన దేశానికి తెల్లదొరల వెంటే వచ్చాయి. అందులోనూ స్కాట్లండ్ వాటా తక్కువేమీ కాదు. స్కాట్లండ్‌లో గ్లాస్గో అని ఓ కార్మిక నగరం. అక్కడి నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీ 1903లో మొదలై 1962లో మూతబడేలోగా మన దేశానికి వందల ఆవిరి ఇంజన్లు చేసి పంపింది. ఇక ఫుట్‌బాల్ సంగతి. 1872లో ప్రపంచంలో మొట్టమొదటి అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది ఆ గ్లాస్గోలోనే, స్కాట్లండ్‌కూ ఇంగ్లండ్‌కూ మధ్య. ఫలితం ఏమిటనుకున్నారు? 0-0. అంటే అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో మొట్టమొదట గెలిచింది ఏ జట్టూ కాదు, రెండువైపులా ఉన్న కంచె.

మన దేశంలో పాతకాలపు డ్యూరాండ్ కప్ ఉంది కదా, అది 1888లో సిమ్లాలో మొదలైంది. మొదటి ఫైనల్లో రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్స్ జట్టు, హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీ జట్టును 2-1 తేడాతో ఓడించింది. రెండూ స్కాట్లండ్ సైనిక పటాలాలే. దొరలు దొరలతో ఆడుకున్న ఆట అన్నమాట. దాన్ని చూసి నేర్చుకున్న మనవాళ్లు కొన్నాళ్లకు దొరల కాళ్ల కిందనుంచే బంతి లాక్కున్నారు. కలకత్తాలో, బొంబాయిలో, బెంగళూరులో, హైదరాబాదులో ఆ ఆట మన ఆటైపోయింది.

హైదరాబాదు అనగానే సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ను తలుచుకోవాలి. వృత్తికి బడిపంతులు. ప్రాణం ఫుట్‌బాల్. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. బంతిని కాళ్ల దగ్గరే అట్టిపెట్టుకుని విన్యాసాలు చేయడం ఆయనకు నచ్చేది కాదు. వచ్చిన బంతిని వచ్చినట్టే పక్కవాడికి అందించాలనేవారు. కుడికాలి వాటం కుర్రాళ్లతో ఎడమకాలితోనే ఆడించే పోటీలు పెట్టేవారు. ఈ రహీమ్ కథ 2024లో ‘మైదాన్’ అని హిందీ సినిమాగా కూడా వచ్చింది. చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

రహీమ్ శిక్షణలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన మన జట్టు నాలుగో స్థానం సంపాదించింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా దేశం సెమీఫైనల్ చేరడం అదే మొదలు. ఆస్ట్రేలియా మీద 4-2తో గెలిచిన మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడని క్విజ్ పోటీల్లో పిల్లలు ఇప్పటికీ చెబుతారు. మంచిదే. ఆ జట్టులో వెనక నిలబడ్డవారిలో హైదరాబాదీ అజీజుద్దీన్ ఒకరు. ఆయన గురించి మాత్రం ఏ క్విజ్‌లోనూ అడగరు. అడగడానికి లెక్క ఉండాలి కదా! కొట్టిన గోల్స్‌కు లెక్క ఉంది. ఆపిన వాటికి లెక్క రాసేవాడు ఆ రోజుల్లో ఎవడు?

ఇక్కడే ఇంకో తమాషా కూడా చెప్పాలి. మన దేశం చూసిన గొప్ప డిఫెండర్లలో జర్నైల్ సింగ్ పేరు ముందుంటుంది. పంజాబీ మనిషి. దేశ విభజన మంటల్లోంచి బయటపడి వచ్చి, మోహన్ బగాన్ జట్టుకు కోటగోడలా నిలబడ్డాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడలు. థాయిలాండ్‌తో ఆడుతుండగా తలకు గట్టి దెబ్బ తగిలింది, కుట్లు పడ్డాయి. తలతో బంతిని ఎదుర్కోవడం డిఫెండర్‌కు నిత్యకృత్యం కాబట్టి వెనక ఆడించడం ప్రమాదం. కోచ్ రహీమ్ ఆలోచించి ఆయన్ను తీసుకెళ్లి ముందు వరసలో నిలబెట్టారు. సెమీఫైనల్లో గోల్ కొట్టాడు. లక్షమంది గోల పెడుతున్న స్టేడియంలో దక్షిణ కొరియాతో ఫైనల్. అందులోనూ కొట్టాడు. 2-1తో బంగారు పతకం మనదైంది.

గొప్ప కథే. కానీ కాస్త ఆగి చూడండి. జర్నైల్ సింగ్ పేరు ఎత్తగానే అందరూ చెప్పేది ఆ రెండు గోల్స్ కథే. ఏళ్ల తరబడి వెనక నిలబడి ఆయన ఆపిన దాడులు ఏమయ్యాయి? కంచె ఒక్కరోజు వెళ్లి చేలో కాయ కాసింది కాబట్టి లోకం కంచెను గుర్తుపెట్టుకుంది. ఆయన ముందుకు వెళ్లినప్పుడు ఆయన ఖాళీ చేసిన చోటును కాచినవాళ్లు త్రిలోక్ సింగ్, చంద్రశేఖర్, అరుణ్ ఘోష్. ఆ మూడు పేర్లూ ఒక్క ఊపులో చెప్పగలిగినవాళ్లు దేశంలో ఎంతమంది ఉంటారు?

ఆ బంగారు పతకం వచ్చిన మరుసటి ఏడాది, 1963 జూన్‌లో, రహీమ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. హైదరాబాదు ఫుట్‌బాల్‌కు పెద్దదిక్కు పోయింది. కానీ ఆయన వేసిన నారు అప్పటికే ఎదిగింది. ఆ మళ్లలో పెరిగినవాడే నయీముద్దీన్. పుట్టింది 1944లో. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. అదంతా చూస్తున్న కలకత్తా క్లబ్బుల కన్ను హైదరాబాదు కుర్రాళ్ల మీద పడకుండా ఎలా ఉంటుంది? 1966లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బు హైదరాబాదు నుంచి ఇద్దర్ని తీసుకెళ్లింది. ఒకరు ముందు వరసలో ఆడే మహమ్మద్ హబీబ్. ఇంకొకరు వెనక వరస నయీముద్దీన్.

అప్పటి కలకత్తా ఫుట్‌బాల్ అంటే ఏమిటో మన క్రికెట్ పిచ్చితో పోల్చుకుంటే కొంత తెలుస్తుంది. అక్కడ ఆట చేపల బజారు దాకా వెళ్లేది. ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజు ఇలిశ చేపకు గిరాకీ, అదే మన గోదావరి వాళ్లు పుస్తెలమ్మైనా తినాలనే పులస. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలకు గిరాకీ. రొయ్య సంగతి మన నెల్లూరోళ్లకు చెప్పేదేముంది! ఓడిన రోజు మాత్రం సగం నగరం ఇళ్లలో పొయ్యి వెలిగేది కాదంటారు. అలాంటి ఊళ్లో, భాష రాని చోట, ఉర్దూ మాట్లాడే హైదరాబాదీ కుర్రాడు వెనక నిలబడి ఆడాలి. గోల్ కొట్టేవాడికి భాషతో పనిలేదు, గోలే భాష. డిఫెండర్ అలా కాదు. ‘నువ్వు ఇటు చూడు, నేను అటు చూస్తా’ అని పక్కవాడితో, వెనకున్న గోల్‌కీపర్‌తో తొంభై నిమిషాలూ మాట్లాడుతూనే ఉండాలి. అరవని డిఫెండర్ సగం డిఫెండరే అంటారు.

నయీముద్దీన్ అక్కడ నిలదొక్కుకున్నారు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ - కలకత్తాలో మూడు పెద్ద క్లబ్బులకూ ఆడారు. ఇది చిన్న సంగతి కాదు. ఈ మూడింటి అభిమానుల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. మూడు ఇళ్లలోనూ కాపలా ఉద్యోగం దొరికిందంటే ఆ మనిషి కాపలా మీద మూడు ఇళ్లకూ నమ్మకం ఉన్నట్టే కదా.

1970 డిసెంబర్. బ్యాంకాక్ ఆసియా క్రీడలు. భారత జట్టు కెప్టెన్ నయీముద్దీన్. జట్టులో హబీబ్ ఉన్నారు, సుధీర్ కర్మాకర్, చంద్రేశ్వర్ ప్రసాద్, మగన్ సింగ్, శ్యామ్ థాపా, సుభాష్ భౌమిక్ ఉన్నారు. సెమీఫైనల్లో బర్మా చేతిలో ఓడిపోయాం. మిగిలింది కాంస్యం కోసం పోటీ. ఎదురుగా జపాన్. ఆషామాషీ జట్టు కాదు. అంతకు రెండేళ్ల ముందే మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన దేశం. మంజిత్ సింగ్ ఒక గోల్ కొట్టారు. మ్యాచ్ ముగిసేసరికి స్కోరు 1-0. పతకం మనది.

ఆ స్కోరును ఒకసారి నింపాదిగా చదవండి. 1-0. అందులో ‘ఒకటి’ మంజిత్ సింగ్‌ది. ఆయన పేరు పక్కన రాశారు, రాయాల్సిందే. మరి ఆ ‘సున్నా’ ఎవరిది? ఒలింపిక్ పతకం మెడలో వేసుకున్న దేశం తొంభై నిమిషాలు తలుపు కొడుతుంటే తియ్యకుండా పట్టుకున్న చేతులెవరివి? కెప్టెన్‌వి, ఆయన పక్కన నిలబడ్డవాళ్లవి, గోల్‌కీపర్‌వి. ఒకటి కొట్టడానికి ఒక్క క్షణం చాలు. సున్నాను కాపాడటానికి తొంభై నిమిషాలూ కావాలి. ఒకటి ఒక్కడి సొత్తు. సున్నా అందరి ఉమ్మడి ఆస్తి. అందుకేనేమో ఉమ్మడి ఆస్తికి మల్లే దాన్ని పట్టించుకునేవాడు లేడు.

ఆ సున్నా ఎంత విలువైనదో కాలం చెప్పింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు 1951లో బంగారం, 1962లో బంగారం, 1970లో కాంస్యం. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన క్రీడల దాకా చూసినా ఆ తర్వాత మళ్లీ పతకం లేదు. అంటే అర్ధశతాబ్దం పైగా మన దేశం చివరి పతకం నయీముద్దీన్ జట్టుదే. ఆ ఏడాదే ఆయనకు అర్జున అవార్డు వచ్చింది.

ఆయనతో పాటు రైలెక్కిన హబీబ్ మరింత పెద్ద పేరు తెచ్చుకున్నారు. కలకత్తా ఆయన్ను ‘బడే మియా’ అని నెత్తిన పెట్టుకుంది. 1977లో పీలే తన కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2తో నిలవరించింది. ఆ రెండింటిలో ఒక గోల్ హబీబ్‌ది. 2023 ఆగస్టు 15న ఆయన పోయినప్పుడు ఆ గోల్‌నే అందరూ తలుచుకున్నారు. తప్పు లేదు, తలుచుకోవాల్సిన గోలే. కాకపోతే గోల్ కొట్టినవాడికి తన మరణవార్తలో రాయించుకోవడానికి ఒక ముక్క మిగులుతుంది. ఆపినవాడికి అలాంటి ముక్క ఏదీ మిగలదు. అదీ తేడా.

బహుశా అందుకే కాబోలు, డిఫెండర్లు ఆట మానేశాక మంచి గురువులవుతారు. మైదానం మొత్తం కళ్ల ముందు పెట్టుకుని ఆడేది వాళ్లే. ముందువాడికి గోల్‌పోస్టు ఒక్కటే కనబడుతుంది. వెనకవాడికి ఇరవై మందీ కనబడతారు. నయీముద్దీన్ తాను ఆడిన మూడు కలకత్తా క్లబ్బులకూ కోచ్‌గా పనిచేశారు. 1990లో ఆయన కోచ్‌గా ఉండగా ఈస్ట్ బెంగాల్ ఒకే ఏడాదిలో డ్యూరాండ్, రోవర్స్, ఐఎఫ్ఏ షీల్డ్ మూడూ గెలిచింది. అదే 1990కి ద్రోణాచార్య అవార్డు అందుకున్నారు. ఫుట్‌బాల్‌కు ఆ అవార్డు రావడం అదే ప్రథమం. ఆ ఏడాది జాబితాలో మిగతా ఇద్దరూ ఎవరో తెలుసా? సచిన్ టెండూల్కర్ గురువు రమాకాంత్ ఆచ్రేకర్, మన తెలుగు వాలీబాల్ కోచ్ ఎ. రమణారావు.

తిండి, నిద్ర, సాధన విషయంలో ఆయన మహా కఠినుడని ఆటగాళ్లలో పేరు. అలవాటు ప్రకారం అక్కడా కంచె వేశారన్నమాట! 1997లో కాఠ్మాండూలో దక్షిణాసియా కప్ ఫైనల్లో మాల్దీవులను 5-1తో ఓడించిన మన జట్టుకు కోచ్ ఆయనే. 2005లో కరాచీలో బంగ్లాదేశ్‌ను 2-0తో ఓడించి అదే కప్ గెలిచినప్పుడూ ఆయనే. చిత్రమేమంటే రెండేళ్లు తిరక్కుండానే, 2007లో, ఆ బంగ్లాదేశే తమ జాతీయ జట్టును ఆయన చేతుల్లో పెట్టింది. ఓడిన ఇల్లు కూడా పిలిచి తాళాలు చేతికిచ్చిందంటే ఇంకేం కావాలి?

ఇప్పుడు మళ్లీ ఒకసారి గ్లాస్గో వెళదాం. నయీముద్దీన్ కలకత్తాలో కుదురుకుంటున్న రోజుల్లోనే అక్కడ బిల్లీ మెక్‌నీల్ అని ఒక డిఫెండర్. 1940లో పుట్టారు. సెల్టిక్ క్లబ్బు కెప్టెన్. ఆ ఒక్క క్లబ్బుకే 790 మ్యాచ్‌లు ఆడారు. 1967 మే 25న లిస్బన్‌లో ఇటలీ జట్టు ఇంటర్ మిలాన్‌ను 2-1తో ఓడించి సెల్టిక్ యూరోపియన్ కప్ గెలిచింది. బ్రిటన్ నుంచి ఆ కప్ గెలిచిన మొదటి జట్టు అదే. ఆ జట్టులో అందరూ గ్లాస్గోకు ముప్పై మైళ్ల లోపు పుట్టినవాళ్లేనంటే నమ్ముతారా? మన హైదరాబాద్ పోలీస్ జట్టు గుర్తు రావడం లేదూ? మెక్‌నీల్ కూడా తర్వాత అదే క్లబ్బుకు మేనేజరై, వందేళ్ల పండగ చేసుకున్న 1987-88 సీజన్‌లో లీగ్, కప్ రెండూ గెలిపించారు. 2015లో సెల్టిక్ స్టేడియం ముందు ఆయన విగ్రహం పెట్టారు. రెండు చేతులా కప్ ఎత్తి పట్టుకున్న విగ్రహం. కంచెకు దండ వేసినవాళ్లు కూడా లోకంలో ఉన్నారన్నమాట.

కానీ ఆ కథకు ఇంకో సగం ఉంది. చివరి ఏళ్లలో మెక్‌నీల్‌కు మతిమరుపు జబ్బు వచ్చింది. డిమెన్షియా అంటారు. 2019 ఏప్రిల్‌లో, 79వ ఏట పోయారు. ఊరంతా ఆయన్ను గుర్తుపెట్టుకున్న రోజుల్లో ఆయనకే ఊరు గుర్తులేని స్థితి. ఇది ఆయన ఒక్కడి కథ కాదని అదే ఏడాది తేలింది. గ్లాస్గో విశ్వవిద్యాలయం పరిశోధకులు స్కాట్లండ్‌లో పూర్వం ఆడిన 7,676 మంది వృత్తి ఆటగాళ్ల రికార్డులు తిరగేశారు. వాళ్లను 23 వేల మంది మామూలు జనంతో పోల్చారు. డిమెన్షియా లాంటి మెదడు క్షీణించే జబ్బులతో చనిపోవడం ఆటగాళ్లలో దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువ.

రెండేళ్ల తర్వాత, 2021లో, ఎవరికి ఎక్కువ అని ఆడిన చోటును బట్టి లెక్క తీశారు. గోల్‌కీపర్లకు మామూలు జనంతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. అందరికంటే ఎక్కువ ముప్పు డిఫెండర్లకు. దాదాపు ఐదు రెట్లు. కారణం తలతో బంతిని కొట్టడమేనని పరిశోధకుల అనుమానం. ఆకాశం నుంచి దిగే ప్రతి బంతికీ ముందు తల ఒగ్గేది డిఫెండరే కదా. ఆపిన గోల్స్‌కు లెక్క రాసేవాడెవడని ఇందాక అనుకున్నాం. ఎవరూ రాయలేదనుకున్న ఆ లెక్కను కొందరి మెదడు రాసుకుంటూనే ఉందన్నమాట.

స్కాట్లండ్ ఫుట్‌బాల్ సంఘం దీన్ని చూసి ఊరుకోలేదు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు సాధనలో తలతో కొట్టడం నేర్పవద్దని 2020లోనే చెప్పింది. 2022లో పెద్దవాళ్ల జట్లకు కూడా మ్యాచ్‌కు ముందు రోజు, మర్నాడు ఆ సాధన వద్దంది. దీనికి డబ్బు ఖర్చు లేదు, స్టేడియం అక్కర్లేదు. మన ఊళ్లలో ఫుట్‌బాల్ ఆడించే డ్రిల్లు మాస్టార్లు రేపటి నుంచే పాటించవచ్చు. చిన్నపిల్లల చేత కాళ్లతోనే ఆడించండి. తల చదువుకోవడానికి ఉంచండి.

ఇంకో పని కూడా చేయవచ్చు. సంక్రాంతికో దసరాకో ఊళ్లలో టోర్నమెంట్లు పెడతారు. ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి షీల్డు ఇస్తారు, ఫొటో తీస్తారు. పక్కనే ఇంకో చిన్న షీల్డు పెట్టండి. తక్కువ గోల్స్ ఇచ్చిన జట్టులో వెనక వరసకు. నలుగురికీ కలిపి ఇవ్వండి, విడివిడిగా వద్దు. సున్నా ఉమ్మడి ఆస్తి కదా! ఆ షీల్డుకు నయీముద్దీన్ పేరు పెట్టుకుంటే మరీ మంచిది. ‘ఎవరాయన?’ అని ఏ కుర్రాడైనా అడిగితే చెప్పడానికి మనకు ఒక కథ ఉంటుంది.

ఆట చూడని వాళ్లకు కూడా దీనితో పని ఉంది. ఒకసారి మన చుట్టూ చూసుకుందాం. ఇంట్లో గ్యాస్ కట్టేశారో లేదో రాత్రి లేచి చూసే అమ్మ. చెరువు కట్టకు గండి పడకుండా తుపాను రాత్రి కాపలా ఉన్న మనిషి. పిల్లలకు టీకా వేయడానికి ఇల్లిల్లూ తిరిగే నర్సమ్మ. వాళ్లు పని చేసినందువల్ల ఏం జరిగిందంటే ఏమీ జరగలేదు. జరగని దానికి ఫొటో ఉండదు. కాబట్టి వాళ్ల పనిని చూడాలంటే కళ్లు చాలవు, కాస్త ఆలోచించాలి.

ఈసారి పేపర్లో ఆటల పేజీ తిప్పుతున్నప్పుడు ఏదో ఒక మ్యాచ్ 1-0 అని కనిపిస్తుంది. గోల్ కొట్టినవాడి పేరు పైన పెద్దక్షరాల్లో ఉంటుంది. చదవండి, సంతోషించండి. తర్వాత కిందికి దిగి, చిన్న అక్షరాల్లో ఇచ్చిన జట్టు జాబితాలో గోల్‌కీపర్ పేరు పక్కన మొదట రాసే ఆ నాలుగు పేర్లు కూడా ఒకసారి పైకి చదవండి. అర నిమిషం పడుతుంది.